అవయవ మార్పిడి జరిగిన పిల్లలకు టీకా పడుతుందా? ఎంత పడుతుంది?

జలంత్రకోట నుంచి మాట్లాడుతున్నాను. నేను పిల్లల వైద్యుణ్ణి. ఎప్పుడూ మనం జ్వరాలు, విరేచనాలు, పాలు పట్టడం లాంటివి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడబోయేది తక్కువ మంది పిల్లలకు సంబంధించినది. కానీ ఆ కొద్దిమంది ఇళ్లల్లో దీని గురించి సమయానికి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని ఒక పూర్తి ఎపిసోడ్ దీనికే పెట్టాను.

విషయం ఏంటంటే, కిడ్నీ గానీ కాలేయం గానీ మార్చిన పిల్లలకు టీకాలు. తల్లులు అడిగేవి రెండే ప్రశ్నలు. "డాక్టరుగారూ, గుంటడికి కిడ్నీ మారుస్తామంటున్నారు, ఇప్పుడు సూదులు వేయించొచ్చా?" అనేది ఒకటి. "వేయిస్తే పడతాయా?" అనేది రెండోది. రెండూ సరైన ప్రశ్నలే. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది: ఎప్పుడు వేస్తున్నాం అన్నదాంట్లో. అదే టీకా, అదే సీసా, అదే బిడ్డ. ఆపరేషన్‌కి ముందు వేస్తే ఒకలా పడుతుంది, తరవాత వేస్తే ఇంకోలా పడుతుంది. కొన్నయితే తరవాత వేయనే కూడదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా అంతా దాని వెనకే వస్తుంది.

ముందుగా మన ప్రాంతం సంగతి

ఉద్దానం అంటే అందరికీ కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో, పొలాల్లో పనిచేసే పెద్దవాళ్లకి ఎక్కువగా వస్తున్న జబ్బు అది. ఎందుకొస్తుందో ఇదీ అని తేల్చిన కారణం ఇప్పటికీ లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కేంద్రాలు మనకి దగ్గర్లోనే ఉన్నాయి.

అయితే పిల్లల కిడ్నీ పాడవడం వేరే కథ అండి. పిల్లల్లో ఎక్కువగా చూసేది పుట్టుకతో వచ్చే లోపాలు. మూత్రం వచ్చే దారిలో అడ్డం ఉండటం, మూత్రం వెనక్కి కిడ్నీలోకి ఎగదన్నడం, కిడ్నీ సరిగ్గా పెరగకపోవడం లాంటివి. తరవాత, ఒళ్లంతా వాపు వచ్చే నెఫ్రోటిక్ జబ్బుల్లో మందులకి లొంగని రకాలు. అంటే తాతకి ఉన్న జబ్బే మనవడికి వచ్చిందనుకోవద్దు. దేని పరీక్షలు దానికే.

కానీ ఒక చోట ఈ రెండు కథలూ కలుస్తాయి. బిడ్డకి కిడ్నీ ఇవ్వాలంటే ముందు చూసేది ఇంట్లోవాళ్లనే. అమ్మ, నాన్న, తాత, మామ్మ. మన దగ్గర ఆ తాతే డయాలసిస్ మీద ఉండొచ్చు. నాన్నకి క్రియాటినిన్ అప్పటికే పెరిగి ఉండొచ్చు. అప్పుడు ఇచ్చేవాళ్లు దొరకడం ఆలస్యం అవుతుంది. జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపు బాధే, కాదనను. కానీ టీకాల విషయంలో మాత్రం ఆ రోజులు చాలా విలువైనవి. ఊరికే పోనివ్వకూడదు.

టీకా పడటం అంటే ఏంటి

టీకా అంటే మందు కాదు. జబ్బుని అది చంపదు. ఈ క్రిమి ఇలా ఉంటుంది, వస్తే పట్టుకో అని ఒంటికి ముందే చూపించడమే టీకా చేసే పని. ఒంట్లో తెల్లకణాలు ఆ గుర్తుని చూసి, యాంటీబాడీలు తయారుచేసి, కొన్ని కణాలు ఆ గుర్తుని ఏళ్ల తరబడి దాచుకుంటాయి. అసలు క్రిమి వచ్చిన రోజు ఆ దాచుకున్న కణాలే లేస్తాయి.

మన భాషలో చెప్పాలంటే ఇది విత్తనం జల్లడం లాంటిది. విత్తనం ఎంత మంచిదైనా నేలలో తడి ఉండాలి. తొలకరి పడ్డాక జల్లితే మొలక నిండుగా వస్తుంది. ఎండిన నేల మీద జల్లితే కొన్ని మొలుస్తాయి, కొన్ని మొలవవు. విత్తనం తప్పు కాదు.

ఇప్పుడు అవయవ మార్పిడిలో ఏం జరుగుతుంది? ఇంకొకరి కిడ్నీ ఒంట్లో పెడితే, ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తుపట్టి దాడి చేస్తుంది. దాన్నే రిజెక్షన్ అంటారు. అది జరక్కుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ లాంటి మందులు ఇస్తారు. ఇవి బతికినంత కాలం వాడాల్సినవి. ఇవి చేసే పనేంటి? తెల్లకణాల ఉరవడిని తగ్గించడం. టీకా పడాలంటే కావలసింది కూడా ఆ కణాలే. అంటే కిడ్నీని కాపాడే మందే టీకా మొలకని తగ్గిస్తుంది. ముఖ్యంగా మైకోఫెనోలేట్ మీద ఉన్నవాళ్లలో టీకా తక్కువ పడుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది.

ఇంకో సంగతి. ఆపరేషన్ దాకా కూడా అక్కర్లేదు. కిడ్నీ పనితనం తగ్గిపోయి ఒంట్లో మలినాలు పెరిగినప్పుడే నేల సగం ఎండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో హెపటైటిస్ బి టీకా మూడు డోసులకి 95 శాతం పైగా పడుతుంది. డయాలసిస్ దాకా వచ్చినవాళ్లలో అంత పడదు. అందుకే వాళ్లకి డోసు పెంచి, ఎక్కువసార్లు ఇస్తారు. కాబట్టి "డయాలసిస్ మొదలయ్యాక చూద్దాం" అనుకోకూడదు. కిడ్నీ జబ్బు ముదురుతోందని తెలిసిన రోజే టీకా కార్డు బయటికి తీయాలి.

లెక్కలు ఏం చెబుతున్నాయి

కొన్ని అంకెలు చెబుతాను. భయపెట్టడానికి కాదు, అర్థం అవ్వడానికి.

అమెరికాలో 2004 నుంచి 2011 మధ్య అవయవ మార్పిడి జరిగిన 6,980 మంది పిల్లల రికార్డులు చూశారు. మార్పిడి అయిన మొదటి ఐదేళ్లలో, టీకాతో ఆపగలిగే జబ్బులతో ఆసుపత్రిలో చేరినవాళ్లు 15 శాతం పైనే. అంటే ఆరుగురిలో ఒకరు. మామూలు పిల్లలతో పోలిస్తే కొన్ని జబ్బులకి ఇది 87 రెట్ల దాకా ఎక్కువ. అంత డబ్బు, అంత శ్రమ పెట్టి, ఒకరి కిడ్నీ ఇంకొకరికి పెట్టి బతికించుకున్న బిడ్డ ఫ్లూతోనో న్యుమోనియాతోనో ఆసుపత్రి పాలవుతోంది. అన్నీ టీకా వేయనందుకే అని చెప్పలేం. వేసినా పడనివీ అందులో ఉంటాయి. కానీ ఆపగలిగినవి కూడా చాలానే ఉంటాయి.

రెండో లెక్క కోవిడ్ కాలంది. అవయవ మార్పిడి జరిగిన 658 మంది పెద్దవాళ్లకి ఎంఆర్‌ఎన్‌ఏ టీకా రెండు డోసులు వేసి రక్తం చూశారు. మొదటి డోసు తరవాత యాంటీబాడీ కనిపించింది 15 శాతం మందిలో. రెండో డోసు తరవాత 54 శాతం మందిలో. మామూలు మనుషుల్లో ఇది దాదాపు అందరిలోనూ వస్తుంది. ఇది పెద్దవాళ్ల లెక్క, పిల్లలకి అచ్చంగా ఇదే వర్తించదు. కానీ రెండు పాఠాలు ఉన్నాయి. మందుల మీద ఉన్నవాళ్లలో టీకా తక్కువ పడుతుంది, నిజం. అయినా ఇంకో డోసు వేస్తే ఇంకొంతమందికి పడుతుంది, అదీ నిజం. సగం మొలిచిందని చేను వదిలేస్తామా? మళ్లీ జల్లుతాం. ఇదీ అంతే.

రెండు రకాల టీకాలు, రెండు రకాల నియమాలు

ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. టీకాలు రెండు రకాలు. ఒకటి, బతికున్న క్రిమిని బలహీనం చేసి ఇచ్చేది. బీసీజీ, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు, తట్టు-రుబెల్లా టీకా, గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా ఈ రకం. రెండోది, చంపేసిన క్రిమితో గానీ, క్రిమిలోని ఒక ముక్కతో గానీ చేసినది. పెంటావాలెంట్, డీపీటీ, హెపటైటిస్ బి, న్యుమోకోకల్, పోలియో సూది, ఫ్లూ సూది, టైఫాయిడ్ కాంజుగేట్, రేబిస్ ఈ రకం.

మొదటి రకంలో క్రిమి బలహీనంగా ఉన్నా బతికే ఉంటుంది. మామూలు బిడ్డ ఒంట్లో అది కొంచెం పెరిగి, గుర్తు చూపించి, అణిగిపోతుంది. అణగదొక్కే శక్తినే మందులతో తగ్గించిన బిడ్డలో అది అణగకపోవచ్చు. అందుకే అవయవ మార్పిడి తరవాత బతికున్న టీకాలు మామూలుగా వేయరు. వేయాల్సినవి ముందే, ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందే అయిపోవాలి.

రెండో రకంతో ఆ భయం లేదు. ముందూ వేయొచ్చు, తరవాతా వేయొచ్చు. ముందు వేస్తే కనీసం రెండు వారాల గడువు ఉంటే బాగా పడుతుంది. తరవాత అయితే మూడు నుంచి ఆరు నెలలు ఆగి వేస్తారు, ఎందుకంటే మొదటి నెలల్లో మందుల మోతాదు గట్టిగా ఉంటుంది. ఫ్లూ సూది ఒక్కటి కాలం వచ్చిందంటే నెల తరవాత కూడా వేసేస్తారు.

ఇంట్లోనే ఎవరో కిడ్నీ ఇస్తున్నారనుకోండి, ఆపరేషన్ తేదీ ముందే తెలుస్తుంది. వెనక్కి లెక్కేసుకుని టీకాలు పూర్తి చేయొచ్చు. జీవన్‌దాన్ జాబితాలో ఉంటే అలా కుదరదు. ఫోను ఏ రాత్రి వస్తుందో తెలియదు. మొన్న బతికున్న టీకా వేయించి, ఇవాళ కిడ్నీ దొరికింది అంటే చిక్కు. అందుకని జాబితాలో పేరు ఎక్కించే ముందే ఈ పని పూర్తి చేసుకోవాలి. ఏ టీకా ఏ తేదీన వేశారో ఆపరేషన్ చేసే ఆసుపత్రికి కాగితం మీద తెలియాలి.

నెఫ్రోటిక్ జబ్బుతో స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో వాడుతున్న పిల్లలకి కూడా ఇదే జాగ్రత్త. మోతాదు ఎక్కువగా ఉన్నప్పుడు బతికున్న టీకా వద్దు. ఆ మోతాదు ఆపి నెల దాటాక, డాక్టరుతో మాట్లాడి వేయించుకోవాలి.

మన కార్డులో ఉన్నవి, లేనివి

ఏఎన్ఎమ్ గారు, ఆశా గారు మన పిల్లలకి ఉచితంగా వేయించేవి చాలానే ఉన్నాయి. పుట్టగానే బీసీజీ, హెపటైటిస్ బి, పోలియో చుక్క. ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్. న్యుమోకోకల్ ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా, ఏడాదిన్నరకి రెండోది. ఇవన్నీ పడి ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే. దీనికి మన వీధిలో తిరిగే ఏఎన్ఎమ్ గారికి దండం పెట్టాలి.

కానీ మార్పిడికి వెళ్లే బిడ్డకి ఇవి చాలవు. ఆ ఉచిత కార్డులో లేనివి కొన్ని ఉన్నాయి. ఆటలమ్మ టీకా రెండు డోసులు. హెపటైటిస్ ఎ. ఏటేటా ఫ్లూ సూది. తొమ్మిదేళ్ల లోపు బిడ్డ అయితే మొదటి ఏడాది నెల తేడాతో రెండు. రెండేళ్లు దాటినవాళ్లకి న్యుమోకోకల్‌లోనే ఇంకో రకం, 23 రకాల క్రిమికి పనిచేసేది. అది మామూలు న్యుమోకోకల్ పూర్తయిన ఎనిమిది వారాలకి వేసి, ఐదేళ్లకి ఇంకోసారి. టైఫాయిడ్ కాంజుగేట్ ఒకటి. ఇది మన హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిందే, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోద జాబితాలోకి ఎక్కింది. హెపటైటిస్ బి టీకాని మన దేశంలో మొదట తయారుచేసి ధర దించింది కూడా హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్సే, 1997లో. ప్రపంచానికి టీకాలు పంపే ఊరు మన తెలుగువాళ్లదే. ఆ టీకా జలంత్రకోట బిడ్డకి సమయానికి అందడం ఒక్కటే మిగిలింది.

వీటిని బయట కొనుక్కోవాలి, ఖర్చు ఉంటుంది. అందుకే ముందు తెలియాలి అంటున్నాను. ఆపరేషన్ ఖర్చుల హడావుడిలో చివరి వారం ఇవన్నీ మీద పడితే ఎవరికీ చేతకాదు. ఆరు నెలల ముందు తెలిస్తే నెలకొకటి వేయించుకోవచ్చు.

హెపటైటిస్ బి దగ్గర ఒక అడుగు అదనంగా వేయాలి. చివరి డోసు వేసిన నెల, రెండు నెలల్లో రక్తపరీక్ష చేయించాలి. యాంటీబాడీ 10 యూనిట్లు దాటిందా లేదా చూస్తారు. దాటకపోతే మళ్లీ వేస్తారు. డయాలసిస్ మీద ఉన్నంతకాలం ఏడాదికోసారి ఈ పరీక్ష చూసుకోవాలి. టీకా వేశారు అనేది ఒక మాట, టీకా పడింది అనేది ఇంకో మాట. ఈ పిల్లల విషయంలో మనకి రెండో మాట కావాలి.

పసిబిడ్డల కాలేయం సంగతి

కిడ్నీకి కొంత టైము దొరుకుతుంది. కాలేయానికి ఆ వెసులుబాటు లేదు. పుట్టాక రెండు వారాలు దాటినా పచ్చకామెర్లు తగ్గక, మలం తెల్లగా సున్నంలా వస్తుంటే వెంటనే చూపించాలి. అది పిత్తనాళం మూసుకుపోయిన జబ్బు కావచ్చు. రెండు నెలల వయసు లోపు కసాయ్ అనే ఆపరేషన్ చేయాలి. అది ఫలించకపోతే ఏడాది, రెండేళ్ల వయసుకే కాలేయం మార్చాల్సి వస్తుంది. మన దేశంలో పసిబిడ్డకి కాలేయ మార్పిడి మొదటిసారి విజయవంతమైంది 1998లో. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా పిల్లలకి చేస్తున్నారు.

ఇక్కడ చిక్కు చూడండి. తట్టు టీకా వేసేది తొమ్మిది నెలలకి. ఆటలమ్మ టీకా ఏడాదికి. బిడ్డకి పది నెలలకే కాలేయం మార్చాల్సి వస్తే? ఆ వయసు దాకా ఆగితే వేయడానికే కుదరదు. అందుకే ఇలాంటి పిల్లలకి మాత్రం తట్టు టీకా ఆరు నెలలు నిండగానే, ఆటలమ్మ టీకా ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మొదలుపెట్టొచ్చని నిపుణుల సూచన. డోసుల మధ్య నాలుగు వారాలు చాలు. ఇది సెంటర్‌లో మనంతట మనం అడిగి వేయించుకునేది కాదు. కాలేయ డాక్టరు, పిల్లల డాక్టరు కలిసి రాసివ్వాలి. కానీ అలా వీలుందని తెలిస్తేనే కదా మనం అడుగుతాం.

మార్పిడి అయిపోయాక ఇక బతికున్న టీకా దారే లేదా?

పూర్తిగా మూసేశారని అనలేం. ఈ మధ్య ఆలోచన కొంచెం మారుతోంది. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 281 మంది పిల్లలకి, ఎక్కువమంది కాలేయం మార్చినవాళ్లే, జాగ్రత్తగా ఎంచుకుని ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు వేశారు. తట్టుకి 86 శాతం మందిలో, రుబెల్లాకి 99 శాతం మందిలో, గవదబిళ్లలకి 83 శాతం మందిలో, ఆటలమ్మకి 72 శాతం మందిలో రక్షణ వచ్చింది. ఐదుగురికి ఆటలమ్మ పొక్కులు వచ్చి తగ్గాయి.

ఇది విని రేపే సెంటర్‌కి పరిగెత్తకండి. వాళ్లు ఎంచుకున్నది ఎవరిని? మార్పిడి అయ్యి ఏడాది దాటినవాళ్లు, ఈ మధ్య రిజెక్షన్ రానివాళ్లు, మందుల మోతాదు బాగా తగ్గినవాళ్లు, రక్తపరీక్షలు బాగున్నవాళ్లు. వేశాక కూడా దగ్గరుండి చూశారు. ఆ నిర్ణయం మార్పిడి చేసిన ఆసుపత్రిదే, మనది కాదు. స్కూల్లో క్యాంపు పెట్టి తట్టు-రుబెల్లా వేస్తుంటే, "మా పాపకి కిడ్నీ మార్చారు, డాక్టరు కాగితం లేకుండా వేయకండి" అని టీచరుకి ముందే రాసివ్వండి.

ఇల్లే ఒక టీకా

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. బిడ్డకి టీకా సగమే పడిందనుకోండి. మిగతా సగం ఎక్కడ నుంచి తేవాలి? చుట్టూ ఉన్నవాళ్ల నుంచి. జబ్బు బిడ్డ దగ్గరికి దానంతట అది రాదు, అన్న స్కూలు నుంచి తెస్తాడు, నాన్న బస్సులో తెస్తాడు. వాళ్లకి జబ్బు రాకపోతే బిడ్డకీ వచ్చే అవకాశం తగ్గుతుంది. ఇంట్లో అందరూ ఏటా ఫ్లూ సూది వేయించుకోవాలి. అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి తట్టు, ఆటలమ్మ టీకాలు వేయించాలి. అవి బతికున్నవే కదా, ఇంట్లో ప్రమాదం కాదా అని అడుగుతారు. కాదండి. వేయించాల్సిందే. ఆటలమ్మ టీకా వేసిన అన్నకి ఒంటి మీద పొక్కులు వస్తే మాత్రం అవి మానేదాకా కొంచెం దూరంగా పడుకోబెట్టండి.

ఒకదానికి మాత్రం మినహాయింపు. పోలియో చుక్కలు. చుక్కలు వేసిన బిడ్డ మలంలో ఆ క్రిమి కొన్ని వారాలు బయటికి వస్తూ ఉంటుంది. అందుకని మార్పిడి అయిన బిడ్డ ఉన్న ఇంట్లో మిగతా చిన్నపిల్లలకి కూడా చుక్కల బదులు పోలియో సూది వేయించాలి. పల్స్ పోలియో ఆదివారం వాలంటీర్లు ఇంటికి వస్తారు, వాళ్లకి ఇది తెలియకపోవచ్చు. వాళ్ల మీద కోప్పడకండి, వాళ్ల కష్టం వల్లే మన దేశం 2014లో పోలియో లేని దేశమైంది. డాక్టరు రాసిన చీటీ చూపించి, మా ఇంట్లో సూదే అని చెప్పండి. రోటావైరస్ చుక్కలు వేసిన పసిబిడ్డ ఇంట్లో ఉంటే, నాలుగు వారాలు ఆ బిడ్డ గుడ్డలు మార్చే పని మార్పిడి అయిన పిల్లకి చెప్పకండి, మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోండి.

కిడ్నీ ఇచ్చే అమ్మకో నాన్నకో కూడా టీకాలు చూస్తారు. వాళ్లకి బతికున్న టీకా వేయాల్సి వస్తే ఇచ్చే తేదీకి నాలుగు వారాల ముందే అవ్వాలి.

అమ్మవారు పోసినప్పుడు

మన వైపు ఆటలమ్మ వస్తే అమ్మవారు పోసిందంటాం. వేపాకు పరుస్తాం, చల్లటివి పెడతాం, ఆసుపత్రికి వెళ్లకూడదంటాం. మామూలు పిల్లల్లో అది తనంతట తనే తగ్గిపోతుంది కాబట్టి ఆ పద్ధతి నడిచిపోయింది. మీ నమ్మకాన్ని నేను కాదనను. వేపాకు పెట్టుకోండి, దండం పెట్టుకోండి. కానీ మార్పిడి అయిన బిడ్డ విషయంలో మాత్రం ఆగకండి. ఈ పిల్లల్లో ఆటలమ్మ ఊపిరితిత్తులకి, కాలేయానికి, మెదడుకి పాకగలదు.

ఒంటి మీద పొక్కు కనిపించే దాకా కూడా ఆగొద్దు. పక్కింట్లో గానీ, క్లాసులో గానీ ఎవరికైనా వచ్చిందని తెలిసిన రోజే మీ ట్రాన్స్‌ప్లాంట్ ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఆ బిడ్డకి రక్షణ లేకపోతే ఇమ్యూనోగ్లోబులిన్ అని ఒక సూది ఉంది, నాలుగు రోజుల లోపు అయితే బాగా పనిచేస్తుంది, పది రోజుల దాకా ఇవ్వొచ్చు. అది దొరక్కపోతే అసైక్లోవిర్ మందు ఉంది. పొక్కులు మొదలైపోతే ఆసుపత్రిలో చేర్చి అదే మందు నరానికి ఇస్తారు. తట్టు వచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లినా అంతే, ఆరు రోజుల లోపు ఇమ్యూనోగ్లోబులిన్ ఇవ్వాలి. ఇక్కడ గంటలు, రోజులు లెక్క. కంచిలిలో రైలెక్కి విశాఖ వెళ్లే టైము కూడా ఆ లెక్కలోనే పడుతుంది.

కుక్క కరిస్తే

మన వీధుల్లో ఇది మామూలే కాబట్టి చెప్పాలి. రేబిస్ టీకా చంపిన రకం. మార్పిడి అయిన బిడ్డకి భయం లేకుండా వేయొచ్చు, వేయి తీరాలి. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడగండి. మామూలు పిల్లలకి చిన్న గీరుడికి ఇమ్యూనోగ్లోబులిన్ ఇవ్వరు, టీకాతో సరిపెడతారు. ఈ బిడ్డకి చిన్న గీరుడైనా రెండూ ఇవ్వాలి, ఎందుకంటే టీకా పడుతుందన్న భరోసా తక్కువ. టీకా పూర్తి డోసులు కండకి వేయించాలి. తరవాత యాంటీబాడీ పరీక్ష చేయించాలి. కాబట్టి సెంటర్‌లో మొదటి మాటగానే చెప్పండి: "మా వాడికి కిడ్నీ మార్చారు, మందులు వాడుతున్నాడు."

ఎక్కువగా అడిగే రెండు ప్రశ్నలు

"టీకా వేస్తే ఒళ్లు రేగి, మార్చిన కిడ్నీని కొట్టేస్తుందేమో?" ఈ భయం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. ఫ్లూ టీకా మీద, మిగతా చంపిన టీకాల మీద చాలా అధ్యయనాలు చేశారు. టీకా వల్ల రిజెక్షన్ పెరిగినట్టు కనిపించలేదు. కానీ జబ్బే వస్తే అది కిడ్నీకి చేటు. జ్వరం, విరేచనాలతో నీళ్లు తగ్గిపోతే మందుల మోతాదు కూడా తారుమారు అవుతుంది. ఏది ప్రమాదమో మీరే చూడండి.

"కార్డు పోయింది, ఏం వేశారో తెలియదు." 2018 తిత్లీ తుఫానులో ఇంటి పైకప్పుతో పాటు కాగితాలు పోయిన ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. ముందు ఏఎన్ఎమ్ గారి రిజిస్టరు అడగండి. అందులోనూ లేకపోతే, తట్టు, ఆటలమ్మ, హెపటైటిస్ బి లాంటి వాటికి రక్తంలో యాంటీబాడీ ఉందో లేదో పరీక్ష ఉంది. అదీ కుదరకపోతే, వేయనట్టే లెక్కేసి మళ్లీ మొదలుపెడతారు. ఒకసారి వేసింది ఇంకోసారి వేస్తే పెద్ద నష్టం లేదు. అసలు వేయకపోతేనే నష్టం.

చివరిగా మీరు చేయాల్సింది చెబుతాను. బిడ్డకి కిడ్నీ గానీ కాలేయం గానీ ముదిరిన జబ్బు ఉందని ఎవరైనా డాక్టరు అన్నారా? అన్న వారమే టీకా కార్డు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. తరవాత చూపుకి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మార్పిడి దాకా వస్తే, ఈ లోపల వేయాల్సిన టీకాలు ఏంటి, ఏ తేదీ లోపు?" ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి. అదే కాగితం మన ఏఎన్ఎమ్ గారికి, పిల్లల డాక్టరుకి చూపించండి. నేల తడిగా ఉన్న రోజులు కొన్నే ఉంటాయి అండి. ఆ రోజుల్లోనే జల్లుకోవాలి.

ఇది అందరికీ పనికొచ్చే సమాచారమే గానీ మీ బిడ్డకి రాసిన చీటీ కాదు. మీ డాక్టరు మాటే చివరి మాట. మీ వీధిలో ఇలాంటి బిడ్డ ఉంటే ఈ వీడియో వాళ్ల అమ్మకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో పిల్లల్లో మూత్రం ఇన్ఫెక్షన్లు, వాటిని ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదు అన్నది మాట్లాడుకుందాం.